ఫర్మానాలు పోయాయి, పేర్లు మిగిలాయి

గోల్కొండ కోట 1687లో మొగలుల వశమైంది. ఆ తర్వాత ఔరంగజేబు పేరిట ఇక్కడ వేసిన నాణేలమీద ఈ ఊరి పేరు ‘దారుల్ జిహాద్ హైదరాబాద్’. ఆసఫ్ జాహీల కాలానికి ఆ బిరుదు మారి ‘ఫర్ఖుందా బునియాద్’ అయింది, శుభమైన పునాది కలదని అర్థం. అంతకు చాలా ముందే కుతుబ్ షాహీలు గోల్కొండకు ‘ముహమ్మద్ నగర్’ అని పేరు పెట్టుకున్నారు. మూడూ రాజముద్ర పడిన పేర్లే. ఇవాళ అఫ్జల్‌గంజ్‌లో ఆటో ఎక్కి ఫర్ఖుందా బునియాద్ పోనియ్యమంటే డ్రైవరు మన మొహం ఎగాదిగా చూస్తాడు. బార్కస్ అనండి, బేరం తెగకముందే బండి తిప్పుతాడు. బార్కస్ అన్న పేరు ఏ పాదుషా పెట్టలేదు. ఇంగ్లీషు వాడి ‘బ్యారక్స్’ అరబ్బు సిపాయి నోట పడి అలా తయారైంది.

పాతబస్తీ పేర్ల చరిత్ర అంతా ఈ రెండు మాటల్లో ఉంది. పెట్టినవాడి హోదాను బట్టి ఇక్కడ ఏ పేరూ బతకలేదు. నోటికి ఒదిగిందా లేదా అన్నదే లెక్క. ‘పాతబస్తీ’ అన్న మాటే చూడండి: ముందుభాగం తెలుగు, వెనకభాగం ఉర్దూ. ఏ గెజిట్‌లోనూ పుట్టని పేరు, అందరి నోటా ఉన్న పేరు.

ఊరి పేర్లనూ ఇంటిపేర్లనూ తవ్వి చరిత్ర తీయడం ఇంగ్లండులో పెద్ద విద్య. 1086లో విలియం రాజు రాయించిన డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో వేల గ్రామాల పేర్లు నమోదై ఉండటం వాళ్ల అదృష్టం. ఏ పేరు ఎప్పుడు ఎలా పలికారో పోల్చి చూసుకునే వీలుంది. అందుకే మాంచెస్టర్, వించెస్టర్, లాంకాస్టర్ పేర్ల తోకలో రోమన్ల సైనిక శిబిరం దాగుందని వాళ్లు ధీమాగా చెప్పగలరు. శిబిరానికి లాటిన్ మాట ‘కాస్ట్రా’. రోమన్లు వెళ్లిపోయి పదహారు వందల ఏళ్లయింది. సిపాయిలు లేరు, శిబిరం లేదు, మాట మాత్రం ఊరికి అంటుకుని ఉండిపోయింది. మన బార్కస్ కూడా ఆ కోవలోదే. డెర్బీ, గ్రిమ్స్‌బీ లాంటి పేర్ల చివర ఉన్న ‘బీ’ డెన్మార్క్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల భాషలో పల్లె. మన ‘గూడ’ చేసే పనే అక్కడ అది చేస్తుంది.

తెలుగులోనూ ఈ పని చేసినవాళ్లు ఉన్నారు. కథకుడిగా అందరికీ తెలిసిన కేతు విశ్వనాథరెడ్డి పరిశోధన కడప జిల్లా ఊర్ల పేర్లమీద. పాతబస్తీకి మాత్రం పరిశోధకుల కంటే కథలు చెప్పేవాళ్లే ఎక్కువ దొరికారు. ప్రతి పేరుకూ ఒక రాజు, ఒక ప్రేయసి, ఒక ఫకీరు. కథలు వినడానికి బాగానే ఉంటాయి, కాదనను. వాటి కింద ఉన్న నేల ఏం చెబుతోందో కూడా ఒకసారి చూడాలి.

ఆ నేల తెలుగుది. గోల్కొండ గొల్లకొండ. నగరం పుట్టకముందు ఇక్కడ చిచ్లం అనే పల్లె ఉండేదంటారు. షాలిబండ, చాంద్రాయణగుట్ట, ఉప్పుగూడ, చంచల్‌గూడ, నవాబ్ సాహెబ్ కుంట. బండ, గుట్ట, గూడ, కుంట. రాయి ఎక్కడుందో, నీరు ఎక్కడ నిలుస్తుందో, నాలుగు గుడిసెలు ఎక్కడ లేచాయో మొదట చూసి పేరు పెట్టినవాడు తెలుగువాడే. తర్వాత వచ్చినవాళ్లు ముందు తగిలించిన మాటలు మార్చారు, వెనక ఉన్న బండను కదపలేదు. పైగా పారశీకంలో ‘బందా’ అంటే దాసుడు కనుక షా అలీ బండ అన్నప్పుడు ఫకీరు కథ చెప్పేవాళ్లకూ ఇబ్బంది లేదు, రాయి చూపించేవాళ్లకూ ఇబ్బంది లేదు. చార్మినార్ నుంచి షాలిబండ వైపు నడిస్తే రోడ్డు ఎత్తు ఎక్కుతున్న సంగతి కాళ్లకు తెలుస్తుంది. నా ఓటు రాయికే.

పైగా వంశంవాళ్ల సమాధులున్న చోటి పేరు పిసల్‌బండ. ఉర్దూలో ‘ఫిసల్నా’ అంటే జారడం. జారుడుబండ అన్నమాట. సంతోష్‌నగర్ వైపు వెళ్లేవాళ్లు ఆ సమాధుల గచ్చుపని జాలీలను చూసి ముక్కున వేలేసుకుంటారు. నిజాం తర్వాత అంతటి సంపన్నులు అక్కడ పడుకుని ఉన్నారు. ఆ చోటు పేరు మాత్రం ఎవడో పశువులు కాసుకునేవాడు కాలు జారి పెట్టినట్టుంటుంది. చాంద్రాయణగుట్ట మీద చెన్నకేశవస్వామి గుడి ఉంది. దాన్ని కేశవగిరి అనీ అంటారు. చెన్నరాయుని గుట్టే నోళ్లలో నలిగి చాంద్రాయణగుట్ట అయిందని పెద్దలు చెప్పే మాట నమ్మదగ్గదిగానే ఉంది. ఇప్పుడు బోర్డుమీద చదివేవాడికి చాంద్రాయణ వ్రతం గుర్తుకొస్తుంది. అర్థం తెలియని పేరుకు తెలిసిన అర్థాన్ని తొడగడం జనానికి అలవాటు.

నగరం 1591లో మొదలైంది. కట్టించినవాడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా, నక్షా గీసి నడిపించినవాడు పీష్వా మీర్ మొమిన్. హైదరాబాద్ పేరు గురించి రాసిన కాగితాలతో మూసీకి ఇంకో వంతెన కట్టొచ్చు. భాగమతి కోసం భాగ్‌నగర్ అనీ, ఆమెకు హైదర్ మహల్ బిరుదు వచ్చాక హైదరాబాద్ అయిందనీ ఒక కథ. తోటలు ఎక్కువ గనుక బాగ్‌నగర్ అని ఇంకొకరి మాట. హజ్రత్ అలీకి ఉన్న ‘హైదర్’ అన్న పేరే ఊరికి పెట్టారని మూడోవాదం. షియా రాజు, షియా మంత్రి కట్టిన ఊరికి అది అన్నిటికంటే సహజం. కుతుబ్ షాహీల చరిత్ర సమగ్రంగా రాసిన హెచ్.కె. షేర్వానీ భాగమతి కథను కొట్టిపారేశారు. అయితే పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే ఈ ఊరిని బాగ్‌నగర్ అనే రాశాడు. అంటే బజారులో ఆ పేరు వినపడుతూ ఉండేదన్నమాట. రాణి ఉన్నా లేకపోయినా పేరు ఉంది. ఒకే ఊరికి దర్బారులో ఒక పేరు, బజారులో ఒక పేరు నడవడం వింతేమీ కాదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఈ పేరును సభల్లోకి లాగేవాళ్లకు ఇవేవీ పట్టవు కనుక దాన్ని అక్కడ వదిలేస్తాను.

గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. చార్మినార్ కట్టిన మరుసటి ఏడే లేచినవి. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్. పడమటి దాన్ని ఇప్పుడు చాలామంది ‘షేర్-ఎ-బాతిల్’ అంటారు. షేర్ అంటే పులో సింహమో కదా అని తలెత్తి వెతికితే అక్కడ ఏ మృగమూ కనిపించదు. అసలు మాట ‘సెహ్ర్-ఎ-బాతిల్’, మంత్రాన్ని వమ్ము చేసేది అని. లోపల రాజమహలు. చేతబడులు, ప్రయోగాలు గడప దాటి లోపలికి రాకుండా అక్కడ ఒక స్తంభం నిలిపారని చెబుతారు. మహలు పోయింది. స్తంభం గురించి అడిగితే పక్కనున్న నగల దుకాణంవాళ్లు ఏమో అంటారు. కమాను కాళ్లకు దుకాణాలు అతుక్కుపోయి, పైన కరెంటు తీగలు వేలాడుతూ, మధ్యలోంచి స్కూటర్లు దూరిపోతుంటాయి. ‘సెహ్ర్’ మాట నోళ్లకు దూరమయ్యేసరికి ఆ ఖాళీలోకి ‘షేర్’ వచ్చి కూర్చుంది.

నడుమనున్న నీటితొట్టి మొదటి పేరు ‘చార్ సూ కా హౌజ్’, నాలుగు దిక్కుల తొట్టి. తర్వాత గుల్జార్ హౌజ్ అయింది. దారుష్షిఫా సంగతి ఇంకా తేట. 1595లో కట్టిన వైద్యశాల అది, పేరుకు అర్థం స్వస్థత నిచ్చే ఇల్లు. రోగులు ఎప్పుడో పోయారు, వైద్యశాల పేరు పేటకు మిగిలింది. లాడ్ బజార్ ‘లాడ్’ ఎక్కడిదన్న విషయంలో గాజుల దుకాణంవాళ్లే ఒక మాటమీద ఉండరు. ముద్దూ మురిపెమూ అని కొందరు, లక్క మాట అలా మారిందని కొందరు. లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కనుక రెండోవాళ్ల గొంతు కాస్త పెరిగి ఉంటుంది.

కుతుబ్ షాహీల దగ్గర ఇంకో ముచ్చట ఉంది, దాన్ని వదలబుద్ధి కాదు. వాళ్ల పేర్లు తెలుగు నోట ఎలా మారాయన్నది. కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా 1550 నుంచి 1580 దాకా ఏలాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడు అన్నారు. మలిక్ ఇబ్రహీం పద్యంలో ఇమడాలంటే అంతే మరి. ఇబ్రహీంలో రాముణ్ని దూర్చిన ఘనత మన ఛందస్సుది. ఆయనకు ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చిన కవి అద్దంకి గంగాధరుడు. ఆ కొలువులోని అమీన్ ఖాన్‌కు అచ్చ తెలుగులో ‘యయాతి చరిత్రము’ అంకితమిచ్చినవాడు పొన్నికంటి తెలగన. ఇంటిపేరు అద్దంకి అంటే ఎక్కడో ప్రకాశం వైపు ఊరు. కవి గోల్కొండ కొలువులో ఉన్నా ఇంటిపేరు మాత్రం తాతల ఊరిలోనే ఉంది. ఊరి పేరూ ఇంటిపేరూ తెలుగులో ఒకే తల్లి బిడ్డలు. ఇంగ్లీషువాళ్లకూ అంతే: ఊరు విడిచి బయటికి వచ్చినవాణ్నే ఊరి పేరుతో పిలుస్తారు. ఊళ్లోనే ఉన్నవాడికి ఆ గుర్తు ఎందుకు?

కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, అక్కన్న మాదన్నల మేనల్లుడు. తానా షా కొలువులో మామలు మంత్రులు, ఆయన భద్రాచలం తహసీల్దారు. 1686లో అన్నదమ్ములిద్దరినీ గోల్కొండలో చంపేశారు. మరుసటి ఏడు రాజ్యమే పోయింది. కానీ మాదన్నపేట మిగిలింది. షాలిబండ దగ్గర హరిబౌలిలో అక్కన్న మాదన్న గుడి మిగిలింది, బోనాల ఊరేగింపులో ఘటం అక్కణ్నుంచి ఏనుగెక్కి కదులుతుంది. హరిబౌలి అన్న పేరూ గమ్మత్తే. ఉర్దూవాడికి ‘హరీ’ అంటే పచ్చనిది, మనకు హరి అంటే విష్ణువు. ఎవరి బావి వాళ్లది, నీళ్లు ఒకటే. దూద్‌బౌలి, పుత్లీబౌలి, ఇంజన్‌బౌలి, ఇన్ని బౌలీలున్నాయంటే ఈ ఊరు ఎన్ని బావుల నీళ్లు తాగి పెరిగిందో తెలుస్తుంది. నల్లా నీళ్లు వచ్చాక పుట్టిన పేటల పేర్లలో బావి కనిపించదు.

ఆసఫ్ జాహీల దగ్గరికొస్తే కొత్త చిక్కు మొదలవుతుంది. వాళ్ల కాలంలో పేటలకు పెట్టినవి మనుషుల పేర్లు కావు, బిరుదులు. మీర్ ఆలం మండిలో కూరగాయలు కొనేవాళ్లలో మీర్ ఆలం అసలు పేరు అబుల్ కాసిం అని ఎందరికి తెలుసు? 1804 నుంచి 1808లో చనిపోయేదాకా దివాను ఆయన. వరస కమాన్లతో ఆనకట్ట కట్టిన మీర్ ఆలం చెరువూ ఆయన పేరుదే. సాలార్ జంగ్ కూడా బిరుదే. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగ్ పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. మ్యూజియం నింపినవాడు ఆయన మనవడు మూడో సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. బిరుదుల నిచ్చెనకు మెట్లు ఉండేవి: ఖాన్, బహదూర్, జంగ్, దౌలా, ముల్క్, ఉమ్రా, అన్నిటికీ పైన జా. హిందూ సర్దార్లకు రాయ్, రాజా, వంత్, మహారాజా. ఒక మనిషి మెట్టు ఎక్కినప్పుడల్లా పేరు మారిపోతుంది. నాటి దస్తావేజులు చదివేవాళ్లకు ముగ్గురు మనుషులనుకున్నది ఒక్కరే అని తేలడం మామూలే.

ఈ బిరుదుల్లో ఒక జోడీ ఉంది. 1803లో సికందర్ జా గద్దె ఎక్కేనాటికి దివాను అరస్తు జా. సికందర్ అంటే అలెగ్జాండర్, అరస్తు అంటే అరిస్టాటిల్. గ్రీకు శిష్యుడూ గురువూ మూసీ ఒడ్డున రాజూ మంత్రీ అయి కూర్చున్నారు. మరుసటి ఏడే అరస్తు జా పోయాడు. 1806లో హుస్సేన్ సాగర్ అవతల ఇంగ్లీషు దండు విడిసిన చోటికి నిజాం పేరుమీద సికిందరాబాద్ అన్న పేరు వచ్చింది. మాసిడోనియా కుర్రవాడి పేరు ఈజిప్టులో అలెగ్జాండ్రియా అయితే దక్కనులో సికిందరాబాద్. అరస్తు జా పేరుకు అంత యోగం పట్టలేదు. ఆయన పరివారంలోని సురూర్ అఫ్జా బాయి పేరుమీద వెలసిన సరూర్‌నగర్ మాత్రం ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో పెద్ద మండలం. బేగంబజార్ కూడా ఒక స్త్రీ పేరుమీదదే, నిజాం అలీ ఖాన్ బేగం వర్తకులకు ఇచ్చిన జాగా అది. మహారాజా కిషన్ పర్షాద్ ఇంకా చిత్రం. షాలిబండ దేవిడీలో కూర్చుని ‘షాద్’ అన్న కలంపేరుతో ఉర్దూ కవిత్వం రాసేవారు. షాద్‌నగర్ ఆ కలంపేరు మీద వచ్చింది. కలంపేరుతో ఊరు వెలసిన కవి తెలుగులో నాకు తట్టడం లేదు.

నగరం చుట్టూ ఉన్న ప్రాకారం పద్దెనిమిదో శతాబ్దంలో పూర్తయింది. ఇప్పుడు నిలిచి ఉన్న దర్వాజాలు రెండే, పురానాపూల్‌దీ దబీర్‌పురాదీ. కానీ లాల్ దర్వాజా, అలియాబాద్, గౌలిపురా, యాకుత్‌పురా, దూద్‌బౌలి అన్నీ ఒకప్పటి దర్వాజాల పేర్లే. గోడ కూలినా దాని గీత పేర్ల మీదుగా గీసుకోవచ్చు. గౌలిపురా గవ్లీల పేట, పాలు పితికి అమ్మేవాళ్లది. దబీర్ అంటే దస్త్రాలు రాసే మున్షీ. కార్వాన్ బిడారులు దిగే చోటు. పనులను బట్టి పేటలు, పేటలను బట్టి పేర్లు.

పురానాపూల్ 1578లో కట్టినప్పుడు పాతదేమీ కాదు, ఇక్కడ మూసీకున్న ఒకే ఒక్క వంతెన. పందొమ్మిదో శతాబ్దం నడుమ అఫ్జల్‌గంజ్ దగ్గర ఇంకోటి కట్టాక అది పాతదైంది, ఇది నయాపూల్ అయింది. ఆ కొత్త వంతెనకు నూటయాభై ఏళ్లు దాటాయి, 1908 సెప్టెంబర్ వరదను చూసింది, ఇప్పటికీ కొత్తదే. ఇంగ్లండులో న్యూకాజిల్ కోట 1080లో కట్టింది. తొమ్మిది శతాబ్దాలుగా వాళ్లూ దాన్ని కొత్తకోట అనే అంటున్నారు. ఈ విషయంలో న్యూకాజిల్‌కూ పాతబస్తీకీ తేడా లేదు.

ఇక దొరల సంగతి. వాళ్లలో పాతబస్తీ నోట బాగా నలిగినవాడు ఇంగ్లీషువాడు కాదు, ఫ్రెంచివాడు. మిషెల్ జొయాకిం మారీ రేమోఁ, 1755లో పుట్టి నిజాం అలీ ఖాన్ ఫౌజులో సేనాని అయ్యాడు. ఫిరంగులు పోత పోసిన గన్‌ఫౌండ్రీ, ఉర్దూలో ‘తోప్ కా సాంచా’, ఆయన పెట్టించిందే. ఫ్రెంచిలో ‘మొస్యో రేమోఁ’ అంటే ఇక్కడి సిపాయికి అది గొంతు దిగదు. మొస్యో ‘మూసా’ అయింది. రేమోఁ ముస్లిం నోట ‘రహీం’ అయ్యాడు, హిందూ నోట ‘రామ్’ అయ్యాడు. మూసా రహీం, మూసా రామ్. ఇద్దరూ ఒక్కడే. 1798 మార్చిలో చనిపోతే ఆస్మాన్‌గఢ్ వైపు గుట్టమీద సమాధి చేసి పక్కన గ్రానైటు స్తంభం నిలిపారు. దానిమీద చెక్కినవి ఆయన పేరు పొడి అక్షరాలు రెండే. కింద తోట ఉన్న చోటు మూసారాంబాగ్ అయింది. మూసీ పక్కనే ఉండటంతో కొత్తవాళ్లు ఆ పేరు నదినుంచి వచ్చిందనుకుంటారు. అందులో ఒక రాములవారి తోట కూడా ఉండేదేమో అనుకుంటారు. అక్కడి మెట్రో స్టేషన్ బోర్డుమీద రోజూ ఆ ఫ్రెంచివాడి పేరు తెలుగు లిపిలో వేలమంది చదువుతున్నారు. ఆయన పోయిన ఏడే ఇంగ్లీషువాళ్లు ఆ ఫ్రెంచి పటాలాన్ని చుట్టుముట్టి ఆయుధాలు లాక్కున్నారు. గెలిచిన ఇంగ్లీషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ పేరుతో ఒక్క వీధి కూడా మిగలలేదు, పోయినవాడి పేరు మిగిలింది.

కిర్క్‌పాట్రిక్ అన్నది స్కాట్లండు ఇంటిపేరు. పాట్రిక్ మహాత్ముడి చర్చి అని దాని అర్థం. చర్చి ఉన్న ఊరిని బట్టి ఇంటిపేరు వచ్చింది, మన అద్దంకిలాగే. జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్‌కు నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్. ఖైరున్నిసాను పెళ్లాడి, రెసిడెన్సీ భవనం కట్టించాడు. ఆ భవనాన్ని జనం కోఠీ అన్నారు, ఆ చుట్టుపక్కలంతా కోఠీ అయింది. రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాం చేతికి తిరిగి వచ్చాక సుల్తాన్ బజార్ అన్నారు. ఆ పేరు నిలిచింది. ఆబిడ్స్ అన్నది ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ దుకాణం పేరు. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. కింగ్ కోఠీలో ‘కింగ్’ రాకముందు ఆ గేట్లమీద ఉన్న రెండు అక్షరాలు కట్టించినవాడు కమాల్ ఖాన్‌వి. నిజాం కొన్నాక ఆ అక్షరాలకే కొత్త అర్థం కుదిర్చారు. అక్షరాలు చెరపడం కంటే అది చవక.

బార్కస్ దగ్గర ఇంకాసేపు ఆగాలి, ఎందుకంటే పాతబస్తీలో ఇంటిపేర్ల కథ అక్కడ చిక్కగా ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం ఫౌజులో చేరారు. వాళ్ల ఇంటిపేర్లలో చాలావాటికి ముందు ‘బా’ ఉంటుంది, బావజీర్ లాంటివి. హద్రమౌత్ వంశాలకు అది గుర్తు. ‘బిన్’ అంటే కొడుకు, ఇంగ్లీషులో జాన్సన్, రాబిన్సన్ చివర ఉన్న ‘సన్’ ఏం చెబుతుందో ఇదీ అదే చెబుతుంది. అల్ కుఐతీ వంశంవాళ్లు నిజాం కొలువులో జమేదార్లుగా ఉంటూనే హద్రమౌత్‌లో ముకల్లా కేంద్రంగా రాజ్యం సంపాదించారు. 1967 దాకా ఆ రాజ్యం నడిచింది. హైదరాబాదు బిరుదైన ‘జంగ్’ ఆ అరబ్బు సుల్తానుల పేర్ల పక్కన వెలిగింది. అరేబియా పేరు పాతబస్తీకి, పాతబస్తీ పేరు అరేబియాకు. రేవు దాటిన సరుకుకు సుంకం కట్టాలి, పేరుకు అక్కర్లేదు.

ఇంగ్లీషు ఇంటిపేర్లు ముఖ్యంగా నాలుగు దారుల్లో వచ్చాయంటారు: తండ్రి పేరు, చేసే పని, ఉండే చోటు, ఎవరో పెట్టిన ఎగతాళి పేరు. తెలుగువాళ్లకు తండ్రి పేరు ఇంటిపేరు కావడం అరుదు. చోటు పేర్లే కొల్లలు. ఎగతాళి పేర్లకూ లోటు లేదు, పొట్టి శ్రీరాములుగారి వంశంలో ఏ తాత పొట్టివాడో గానీ ఆ మాట ఇప్పుడు ఒక జిల్లా పేరులో చేరింది. పని పేరు దగ్గరే తేడా. ఇంగ్లండులో స్మిత్ అంటే కమ్మరి, ఫుల్లర్, వాకర్ అంటే బట్ట తొక్కి మెత్తబరిచేవాళ్లు. లావెండర్ అనే ఇంటిపేరు పువ్వుది కాదు, బట్టలుతికే పనిది, ఫ్రెంచి మాటనుంచి వచ్చింది. ఆ పని మానేసి ఆరు వందల ఏళ్లయినా పేరు ఉంది, పేరును బట్టి ఎవరినీ గడప బయట నిలబెట్టరు. మన దగ్గర పని పేరు ఇంటిపేరుగా కాక కులం పేరుగా మిగిలింది, దాంతోపాటు గడప బయట నిలబెట్టడమూ మిగిలింది.

పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ఐలమ్మకు ఇంటిపేరు ఉంది: చిట్యాల. పోరాటంలో జనం పిలిచిన పేరు మాత్రం చాకలి ఐలమ్మ. దొర గడీలో చులకన చేయడానికి వాడిన మాటనే పాటలు ఎత్తుకుని బిరుదు చేశాయి. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు, ఆ చులకన మాటను తీసేయకుండానే. ఆ విశ్వవిద్యాలయం ఉన్నది కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీలో. రెసిడెంటు దొరకు సలాములు జరిగిన మెట్లున్న ప్రాంగణం ఇప్పుడు ఐలమ్మది. పట్టాల మీద ఆ పేరు ఉంటుంది. బస్సు కండక్టరు మాత్రం కోఠీ, కోఠీ అనే అరుస్తాడు.

కండక్టరుతో పందెం వేసి గెలిచిన సర్కారు లేదు. 1920లో మూసీమీద కట్టిన జలాశయానికి ఏడో నిజాం తన పేరు పెట్టుకుని ఉస్మాన్ సాగర్ అన్నాడు. జనానికి అది గండిపేట. నిజాం కాలం పోయి గాంధీజీ పేరు మోసే బస్టాండు వచ్చినా అంతే, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను ఇప్పటికీ ఇమ్లీబన్ అనేవాళ్లు ఉన్నారు. చింతలు కొట్టేసినా చింతతోపు పోలేదు. అయితే జనం అన్నిటినీ తిప్పికొడతారని కాదు. అఫ్జల్‌గంజ్ ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు, ఎవరూ మార్చలేదు. మొజంజాహీ మార్కెట్ రాకుమారుడి పేరు, దాన్ని ఎంజే మార్కెట్ అని కుదించుకుని ఉంచుకున్నారు. చోటుతో పని ఉండి, పేరు రెండు మూడు అక్షరాల్లో నోట్లో పడితే రాజు పేరైనా సరే, ఫ్రెంచి వాడి పేరైనా సరే.

ఇప్పుడు పాతబస్తీకి మళ్లీ పేర్ల కాలం వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి పాతబస్తీ మీదుగా వెళ్లే మెట్రో దారికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దారుష్షిఫా, మీర్ ఆలం మండి, షాలిబండ, ఫలక్‌నుమా వైపు రోడ్డు వెడల్పు కోసం ఆస్తులు కూలుతున్నాయి. ఇళ్లకు నష్టపరిహారం కట్టే లెక్క ఉంది. సందుల పేర్లకు లేదు. పెద్ద పేటల పేర్లకు భయం లేదు, అవి స్టేషన్లకు ఎక్కుతాయి. రోడ్డులో కలిసిపోయే చిన్న గల్లీలు, దేవిడీలు, చెట్టు పేరుమీదో ఒక హకీం పేరుమీదో బతికిన మూలమలుపులు, వాటి సంగతే ఎవరూ రాసిపెట్టలేదు. డూమ్స్‌డే పుస్తకం లాంటిది మనకు లేదు. ఉన్నది మునిసిపల్ సర్వే నక్షాలు, వక్ఫ్ కాగితాలు, ముసలివాళ్ల జ్ఞాపకం. మొదటి రెండూ కార్యాలయాల్లో ఉంటాయి. మూడోది ఇంట్లో ఉంటుంది. పాతబస్తీలో పుట్టి పెరిగిన తాతో నానమ్మో మీ ఇంట ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి వాళ్ల గల్లీ పేరు ఏమిటో, అంతకు ముందు ఏమనేవారో, ఎవరి ఇంటి ఎదురుగా ఏ బావి ఉండేదో అడిగి, తేదీ వేసి కాగితం మీద పెట్టండి. వాళ్లు పలికినట్టే రాయండి, సరిదిద్దకండి.